నాలుగు వందల జవాబులు

సత్తిరాజు నోట్లో మాట ఇంకా సగంలోనే ఉంది. ఈలోగా కూతురు ధాత్రి దాన్ని పూర్తి చేసి పారేసింది.

ఆదివారం పొద్దున్న. కాకినాడ జగన్నాథపురంలో గడియారాల రిపేరు కొట్టు, దాని వెనక రెండు గదుల ఇల్లు. సత్తిరాజు పెనం మీంచి పెసరట్టు తీసి కూతురి పళ్లెంలో వేశాడు. స్టవ్వు ఆపి, తన పళ్లెంలోనూ ఒకటి పెట్టుకుని, పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుని, "అ... అమ్మాయ్, నీ... నీకు..." అన్నాడు.

"ఇంకో అట్టా? వద్దు నాన్నా, కడుపు నిండిపోయింది," అంది ధాత్రి గలగలా.

సత్తిరాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఒక్క క్షణం ఉండిపోయాడు. తర్వాత తలూపాడు. లేచి చెయ్యి కడుక్కుని కొట్లోకి వెళ్లిపోయాడు. తన అట్టు ముట్టుకోనేలేదు.

ఇందులో ఏముంది, లోకంలో అందరూ అందరి మాటలకీ అడ్డం పడుతూనే ఉంటారుగా అంటారేమో. నిజమే. కానీ ఆ ఇల్లు వేరు. తండ్రికీ నత్తే, కూతురికీ నత్తే. తల్లి పోయి పదేళ్లు. మిగిలిన ఇద్దరి మధ్యా ఎవరూ రాయని చట్టం ఒకటుంది. ఒకరు మాట మొదలెడితే రెండో మనిషి ఆగాలి. ఎంతసేపైనా సరే. ఓసారి పాలు పొంగుతున్నాయని చెప్పబోయాడు సత్తిరాజు. పాలన్నీ పొంగి, మంట ఆరిపోయాక గానీ ఆ మాట బయటికి రాలేదు. అప్పటిదాకా ధాత్రి గుమ్మంలో నిలబడి విన్నది. తర్వాత ఇద్దరూ పడీ పడీ నవ్వుకుంటూ గట్టు తుడుచుకున్నారు. అలాంటి ఇల్లది.

అలాంటి ఇంట్లో, తనే, నాన్న మాట తెంపేసింది. ధాత్రి మెడ తడుముకుంది. నల్లటి సన్నపు పట్టీ, ఒంటి వేడికి వెచ్చగా, గొంతుని అంటుకుని ఉంది.

ఆ పట్టీ కథ చెప్పాలంటే ముందు మధూలిక కథ చెప్పాలి.

డిగ్రీ కాలేజీలో మొదటి రోజు. లెక్చరరు ఒక్కొక్కరినీ లేపి పేరు అడుగుతున్నారు. నత్తి ఉన్నవాళ్లకి లోకంలోకెల్లా కష్టమైన మాట సొంత పేరే. మిగతా మాటలకైతే బదులు మాటలు దొరుకుతాయి, పేరుకి ఎక్కణ్ణించి తెస్తాం? ధాత్రి లేచి, "ధ... ధ..." అంటుంటే క్లాసు కిసుక్కుమంది. అప్పుడు పక్కనే ఉన్న పిల్ల, బుట్టలంత జూకాలు ఊపుకుంటూ లేచి, "తన పేరు ధాత్రి సార్! నా పేరు మధూలిక. నవ్విన వాళ్ల పేర్లు నేను రాసుకుంటున్నాను, తర్వాత చెప్తాను వాళ్ల సంగతి," అంది. క్లాసంతా గొల్లుమంది. ఈసారి నవ్వు ధాత్రి మీద కాదు. ధాత్రికి ఆ క్షణంలో ఆ పిల్ల కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

మధూలిక ఎలాంటిదంటే, ఆటో ఎక్కిన రెండో నిమిషానికి డ్రైవరు బాబాయ్ అయిపోతాడు. క్యాంటీన్ ఆవిడ అత్త అయిపోతుంది. ఆమె పక్కన నడిస్తే చాలు, మనం కూడా కొంచెం వెలుగుతున్నట్టుంటుంది. మూడేళ్లలో ధాత్రి బయట మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. "మా ధాత్రికి కాఫీ, పంచదార తక్కువ." "మా ధాత్రికి పచ్చరంగంటే ప్రాణం." "మా ధాత్రికి భయం సినిమాలు పడవు." అలా అనగా అనగా ధాత్రి బీరువా నిండా పచ్చ చుడీదార్లే చేరాయి. కాఫీ అలవాటైంది. నవ్వేటప్పుడు మధూలికలాగే తల వెనక్కి వాల్చడం కూడా వచ్చేసింది. ధాత్రికి అందులో లోటేమీ కనిపించలేదు. ఎవరో ఒకరు తన కోసం మాట్లాడుతున్నారన్న సుఖం అలాంటిది మరి.

ఆ పట్టీ సంగతి తెలుసుకుని వచ్చింది కూడా మధూలికే. బోట్‌క్లబ్ దగ్గర ఒక మేడ మీద డాక్టర్ అహల్య గారి ప్రయోగశాల. అరవై ఏళ్ల మనిషి, మొహమాటం లేని మాట. పలుకుపట్టీ అని పేరు పెట్టారు దానికి. మెడకి కట్టుకుంటే, గొంతులో మాట చిక్కుకున్నప్పుడు అదేంటో పసిగట్టి, అక్కడి కండరాన్ని సన్నగా తట్టి బయటికి నెడుతుంది.

"చిక్కిన మాటేదో దానికెలా తెలుస్తుందండీ?" అని అడిగింది మధూలిక.

"మనిషి తెలిస్తే మాట తెలుస్తుందమ్మా," అన్నారు డాక్టరు గారు. ఒక ట్యాబ్ ధాత్రి చేతిలో పెట్టారు. "ఇందులో నాలుగు వందల ప్రశ్నలున్నాయి. ఏ రంగు ఇష్టం, కోపమొస్తే ఏమంటావు, చుట్టాలు ఇంకాస్త తినమంటే ఏమంటావు, అన్నీ. ఒక్కదానివే కూర్చుని జవాబులు రాయి. పది రోజులు పట్టినా పరవాలేదు. పట్టీకి నువ్వంటే ఈ జవాబులే."

ఒక్కదానివే అన్నారు కదా. అయినా ఇద్దరూ ఆ మేడ మెట్ల మీదే కూర్చున్నారు. మొదటి ప్రశ్న దగ్గరే ధాత్రి ఆలోచనలో పడింది. మధూలిక కాజా నములుతూ ట్యాబ్ లాక్కుంది. "ఇటియ్యవే! నీ గురించి నాకంటే ఎవరికి తెలుసు?" ధాత్రి నవ్వి ఇచ్చేసింది. ఎప్పుడూ జరిగేదే కదా. రెండు మధ్యాహ్నాల్లో నాలుగు వందలూ అయిపోయాయి. ధాత్రి పక్కన కూర్చుని తలూపింది. ఆ తలూపడం కూడా కొన్ని చోట్ల చూడకుండానే.

పట్టీ కట్టుకున్న మొదటి రోజు బస్సులో కండక్టరు ఎక్కడికమ్మా అంటే, "భానుగుడి ఒకటి ఇవ్వండి," అని తన గొంతు తనకే వినిపించింది. ధాత్రి టిక్కెట్టు చేత్తో పట్టుకుని, దిగాల్సిన చోటు దాటిపోయేదాకా ఏడ్చింది. సంతోషంతోనే. ఆ సంతోషం అబద్ధమని ఎవరూ అనలేరు. సెమినారు చెప్పింది. పరీక్షల ఫీజు గుమాస్తాతో పోట్లాడింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్లేదే, చూడు!" అని మధూలిక మురిసిపోయింది.

ఏడు నెలలు అలా గడిచాయి. మొదట్లో పట్టీ చిక్కిన మాటనే నెట్టేది. పోనుపోను చిక్కబోయే మాటని కూడా నెట్టడం నేర్చుకుంది. ధాత్రి గమనించలేదు. మాట తేలిగ్గా వస్తుంటే ఎక్కణ్ణించి వస్తోందని ఎవరు వెతుక్కుంటారు?

డిగ్రీ చివరి పరీక్షైన రోజు క్యాంటీన్లో మధూలిక బల్లెక్కింది. హైదరాబాదులో వినే కథలు తయారుచేసే స్టూడియో ఒకటి తనని రమ్మందట. "ఇద్దరి గొంతులు కావాలన్నారు. నేను, మా ధాత్రి, ఒక మైకు! వస్తావు కదే?"

"వస్తాను. అడగాలా ఏంటే?"

చప్పట్లు మోగాయి. ఎవరో ఈలేశారు. మధూలిక బల్ల మీంచి దూకి వాటేసుకుంది. ధాత్రి నవ్వుతూనే ఉంది గానీ, తను ఇంకా ఆలోచించడం మొదలుపెట్టనే లేదు. జవాబు అప్పుడే వెళ్లిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సాయంత్రానికల్లా మధూలిక కొట్టుకి వెళ్లి సత్తిరాజుకి చెప్పేసింది. ఆయన చేతిలో ఉన్న గడియారం మూత బిగించి, "మం... మంచిది," అన్నాడు. మొహంలో మంచి ఏమీ లేదు.

ఆ తర్వాతి ఆదివారమే ఈ పెసరట్టు సంగతి.

మర్నాడు పొద్దున్న వంటింట్లో చీటీ కనిపించింది. గడియారాల మీద ఖాతాదార్ల పేర్లు రాసి అంటించే చిన్న తెల్ల చీటీ. 'అన్నం మూత పెట్టాను.' మంగళవారం ఇంకోటి. 'గొడుగు తీసుకెళ్లు.' బుధవారం రెండు. సత్తిరాజు కోపంగా లేడు. అదే ధాత్రికి మరీ కష్టంగా తోచింది. తిట్టినా బాగుండేది. లోకంలో తను తొందరపడకుండా మాట్లాడగలిగిన చోటు ఆయనకి ఒక్కటే ఉండేది. అదీ పోయిందని ఆయన సర్దుకుంటున్నాడు.

గురువారం ధాత్రి ఆ చీటీలన్నీ గుప్పిట్లో పట్టుకుని ప్రయోగశాలకి వెళ్లింది.

"డాక్టరు గారూ, నేను ఒక మాటన్నాను. అది నాదో కాదో తెలుసుకోవచ్చాండీ?"

అహల్య గారు కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. ఇలాంటి ప్రశ్న ఆవిడని ఎవరూ అడగలేదు. పట్టీ విప్పి యంత్రానికి తగిలించారు. తెర మీద ఏడు నెలల మాటలు వరసగా వచ్చాయి. ధాత్రి తనంత తాను అన్నవి నీలం, పట్టీ నెట్టినవి నారింజ. మొదటి నెల నీలంలో అక్కడక్కడా నారింజ చుక్కలు. ఆఖరి నెలకి వచ్చేసరికి తెరంతా నారింజ.

"ఇదిగో నువ్వడిగిన మాట. 'వస్తాను, అడగాలా ఏంటే.' మొత్తం పట్టీదే," అన్నారు డాక్టరు గారు. "కానీ అది గాల్లోంచి తేదమ్మా. నీ జవాబుల్లోంచే తెస్తుంది. మూడు వందల పదకొండో ప్రశ్న. ఆప్తులు తమతో పాటు వేరే ఊరు రమ్మంటే ఏం చేస్తావు? నువ్వు రాసింది, 'పెట్టె సర్దేస్తా, ఆలోచించేది లేదు.' నువ్వేగా రాశావు?"

ధాత్రి తల దించుకుంది. "మధూలిక రాసిందండీ."

"ఈ ఒక్కటేనా?"

"నాలుగు వందలూనండీ."

డాక్టరు గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఎంత పని చేశారే తల్లీ! ఏడు నెలలుగా నీ మెడకి ఆ పిల్లని కట్టుకు తిరుగుతున్నావన్నమాట! నాదీ తప్పే. నువ్వు ఎవరితో వచ్చావో చూసి కూడా, తలుపు వేసి కూర్చోబెట్టలేదు నేను." ఆవిడ జవాబులు గబగబా కిందికి జరిపారు. "రంగు పచ్చ. పానీయం కాఫీ. అన్నంలో మొదటి ముద్ద ఆవకాయతోనే, లేకపోతే ఆ భోజనమే దండగ... ఇది నువ్వు కాదని నాకే తెలుస్తోంది. ఇదిగో, నూట యాభయ్యో ప్రశ్న. ఎదుటివాళ్లు మాట కోసం తడుముకుంటుంటే ఏం చేస్తావు? 'నేనే అందించేస్తా. పాపం కదా!'"

ధాత్రి ఆ వాక్యం వైపు చూస్తూ కూర్చుంది. మధూలిక అది ప్రేమతోనే రాసింది. మూడేళ్లు తన కోసం చేసింది అదే. ఆ ప్రేమే వెళ్లి నాన్న నోటికి అడ్డం పడింది. చీటీలున్న గుప్పిలి బిగుసుకుంది.

పట్టీ లేకుండానే ఇంతసేపూ తడబడకుండా మాట్లాడానన్న సంగతి ధాత్రికి అప్పుడు తట్టింది. "డాక్టరు గారూ... పట్టీ తీసేశారు కదా. మరి నా మాట ఎందుకాగట్లేదు?"

"ఏడు నెలలైంది. గొంతు ఆ దారికి కొంత అలవాటు పడి ఉంటుంది. కాసేపే ఉంటుందో, ఎప్పటికీ ఉండిపోతుందో నాకు తెలీదమ్మా. నీకు ముందు ఇన్నాళ్లు కట్టుకున్నవాళ్లు లేరు."

ఎప్పటికీ అంటే? పట్టీ ఉన్నా లేకపోయినా తన నోట్లోంచి వచ్చేది మధూలికేనా? చిన్నప్పటి నుంచీ ఏ నత్తి పోవాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కిందో, ఆ నత్తి నిజంగా పోయిందేమోనని ధాత్రికి ముచ్చెమటలు పోశాయి. అది పోతే దాని వెనకున్న తనెవరో ఇంక ఎప్పటికీ తెలీదేమో.

డాక్టరు గారు లేచి మంచినీళ్లు ఇచ్చారు. తాగనిచ్చారు. గోడ మీద గడియారం పది నిమిషాలు ముందుకి నడిచాక నెమ్మదిగా అడిగారు.

"నీ పేరేంటమ్మా?"

"ధ..." అంది ధాత్రి. ఆగింది. "ధ... ధ..." నాలుక పళ్లకి అంటుకుపోయింది. కళ్లు మూసుకుంది. తలుపు దగ్గర తాళం చెవి పట్టుకుని తడుముకుంటున్న మనిషిలా తడుముకుని, తడుముకుని, "...ధాత్రి," అంది.

కళ్లు తెరిచి పకపకా నవ్వేసింది. "ఉం... ఉందండీ! పో... పోలేదు!"

అహల్య గారు ముప్ఫై ఏళ్లుగా నత్తి మీద పనిచేస్తున్నారు. అది ఉందని పొంగిపోయిన మనిషిని చూడటం ఆవిడకి అదే మొదలు. కళ్లజోడు తుడుచుకున్నారు. ట్యాబ్ మళ్లీ ఇచ్చారు. "ఇదిగో, ఖాళీది. ఈసారి తలుపు వేసుకుని రాయి. పట్టీ కావాలో వద్దో తర్వాత చూద్దాం."

"జ... జవాబు తె... తెలీకపోతేనండీ?"

"తెలీదని రాయి. అక్కడ పట్టీ నోరు మూసుకుంటుంది."

మధూలిక గదిలో మంచం మీద పెట్టె తెరిచి ఉంది. దాని పక్కన ఒకే రకం సంచులు రెండు, రెండూ పచ్చవే. ధాత్రిని చూడగానే ఎగిరి గంతేసింది. "రావే! నీది కూడా కొనేశాను... పట్టీ ఏదే?"

"మ... మధూ, నే... నేను నీ... నీతో..."

"నాతో పాటు ఇవాళే సర్దేస్తావా?"

ధాత్రి అరచెయ్యి అడ్డం పెట్టింది. మూడేళ్లలో మొదటిసారి. మధూలిక నోరు టక్కున మూతపడింది.

అప్పుడు ధాత్రి చెప్పింది. చీటీల సంగతి, నారింజ రంగు సంగతి, నూట యాభయ్యో ప్రశ్న సంగతి. పావుగంట పైగా పట్టింది. మధూలిక పెదాలు మధ్యమధ్యలో కదిలాయి, మాట అందించబోయాయి. చివరికి దిండు తీసి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "ఆ... ఆ వస్తానన్నది నే... నేను కాదు. నీ... నీకు నువ్వే చె... చెప్పుకున్నావే," అని ధాత్రి ముగించింది.

ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది. ముందు మధూలిక మొహం ఎర్రబడింది కూడా. "అంటే మూడేళ్లూ నిన్ను నేను నోరెత్తనివ్వలేదంటావా?" అంది. ధాత్రి ఆమె చేతిలో దిండు వైపు చూసింది. మధూలిక కూడా దాన్ని చూసుకుని పక్కన పడేసింది.

"నిజం చెప్పనా? నువ్వు ఏదడిగినా అవునంటుంటే నాకు భయమేసేదే. నీకు పచ్చరంగు ఇష్టమో కాదో నాకేం తెలుసు? నాకిష్టం. అనేసేదాన్ని, నువ్వు తలూపేసేదానివి. పోనీ ఒక్కసారైనా ఛీ అంటావేమోనని చూసేదాన్ని. ఇద్దరి మాటలూ ఒక్కదాన్నే మాట్లాడి మాట్లాడి... బాబోయ్, ఎంత అలిసిపోయానో తెలుసా? హైదరాబాదు ఒంటరిగా వెళ్లాలంటే నాకు దడ. అందుకే అందరి ముందూ అడిగాను, కాదనకుండా ఉంటావని. అది తప్పే. తిట్టు."

"తి... తిట్టను. ఛీ," అంది ధాత్రి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. నవ్వులో ఎవరి తల ఎటు వాలిందో ఎవరూ చూసుకోలేదు.

కిందికి దిగితే వీధి చివర గోళీ సోడా బండి. "ఏం కొట్టమంటారండీ?" అన్నాడు బండాయన. "రెండు..." అని మొదలెట్టి మధూలిక రెండు చేతులతో నోరు మూసుకుంది. బండాయన వింతగా చూశాడు. ధాత్రి తొందరపడలేదు. "నా... నాకు ఉ... ఉప్పేసి, నిమ్మకాయ పి... పిండి," అంది.

"ఉప్పు సోడానా! మూడేళ్లుగా నాతో పాటు తీపిది తాగుతున్నావు కదే!"

"మూ... మూడేళ్లుగా వె... వెగటే."

మధూలిక ఆ మాటకి నడుం పట్టుకుని నవ్వింది. హైదరాబాదు బస్సు ఎక్కేదాకా ఏడవలేదు. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. రెండో పచ్చ సంచి మధూలికే తీసుకెళ్లింది, చెప్పులు పెట్టుకోవడానికి.

కానీ అది తర్వాతి సంగతి. ముందు ఆదివారం వచ్చింది.

సత్తిరాజు పెసరట్టు తీసి కూతురి పళ్లెంలో వేశాడు. ఏం మాట్లాడకుండా పీట మీద కూర్చున్నాడు. జేబులో చీటీల కట్ట, చెవి మీద పెన్సిలు. కూతురి మెడ బోసిగా ఉందని అప్పుడు చూశాడు. చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది.

"నా... నాన్నా," అంది ధాత్రి. "పో... పోయిన ఆదివారం నువ్వు ఏ... ఏదో అడగబోయావు. ఏం... ఏంటది?"

సత్తిరాజు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చీటీల కట్ట తీసి గూట్లో పెట్టేశాడు. మాట మొదలెట్టాడు. ధాత్రి పళ్లెం మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొట్లో ఏదో గడియారం తొమ్మిది కొట్టింది. ఒకదాని తర్వాత ఒకటి మిగతావీ కొట్టాయి. సత్తిరాజు వాటన్నిటినీ కొట్టనిచ్చి, మళ్లీ మొదటికొచ్చి, నెమ్మదిగా పూర్తి చేశాడు.

"నీ... నీకు ని... నిజంగా వె... వెళ్లాలనుందా?"

అదీ ఆయన అడగబోయింది. క్యాంటీన్లో అందరూ చప్పట్లు కొట్టిన మాటని, అది నీదేనా అని అడిగింది ఆయనొక్కడే. దానికి తను ఇంకో అట్టు వద్దని జవాబు చెప్పింది.

ధాత్రి వెంటనే చెప్పలేదు. గది తలుపు వేసుకుని నిన్నటిదాకా ముప్ఫై ఏడు ప్రశ్నలకి జవాబులు రాసింది. అందులో తొమ్మిది తెలీదనే. ఇది మాత్రం తెలుసు.

"లే... లేదు నాన్నా."

"మం... మంచిది," అన్నాడు సత్తిరాజు. అదే మాట. ఈసారి మొహమంతా నవ్వే.

పళ్లెంలోకి చూసి నాలిక్కరుచుకున్నాడు. పెసరట్టు చల్లారి చాపలా అయిపోయింది. "ఇం... ఇంకో... ఇంకోటి వే... వే..." అంటూ లేచాడు.

ఆ మాట అయ్యేదాకా ధాత్రి ఆగింది. తర్వాత పళ్లెం చాపింది.